ప్రాణం పోయిందని పారేయకండి

జిప్పులక్కకు మనుషుల ముఖాలు గుర్తుండవు, వాళ్ల బ్యాగులు గుర్తుంటాయి. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే ఆమె చూపు ముందు వాళ్ల భుజం మీద పడుతుంది, అక్కణ్ణుంచి చేతిదాకా దిగుతుంది. "ఓ, మీరా! హ్యాండిలు గట్టిగానే ఉందే!" అంటుంది. ఆ మనిషి ఎవరో, పోయినసారి ఏం మాట్లాడుకున్నారో మాత్రం చచ్చినా గుర్తుకురాదు. ఇది తన పనితనానికి గుర్తని ఆమె చాలా ఏళ్లు గర్వపడింది. వ్యాపారం చేసుకునే మనిషికి ఉండకూడని మొదటి జబ్బు ఇదేనని తమ్ముడు చెప్పేదాకా ఆ గర్వం అలాగే ఉండేది.

ఆమె షాపు మూడంతస్తుల పాత భవనంలో మెట్ల కింద. ఒక పక్క కళ్లద్దాల షాపు, ఇంకో పక్క జిరాక్సు షాపు, మధ్యలో ఏటవాలు కప్పు కింద ఈమె. లోపలికి పోయేకొద్దీ కప్పు దిగివస్తుంది కాబట్టి గుమ్మం దగ్గర నిలబడొచ్చు, మిషను దగ్గర కూర్చోవచ్చు, చివరికంటా పోవాలంటే పాకాల్సిందే. గోడకు డబ్బాలు. సూట్‌కేసు చక్రాలు ఒకదాంట్లో, హ్యాండిళ్లు ఒకదాంట్లో, జిప్పు మీద అటూ ఇటూ జరిగే రన్నర్లు సైజులవారీగా పన్నెండు డబ్బాల్లో. వాటిని చూడకుండా, తడిమే తీస్తుంది. జిప్పు చెడిందని ఎవరైనా బ్యాగు తెస్తే, నూటికి తొంభై సార్లు చెడింది జిప్పు కాదు, రన్నరు. దాన్ని పట్టకారుతో రెండు పక్కలా ఒకసారి నొక్కితే చాలు. ఈ రహస్యం ఆమెకు నాన్న చెప్పాడు. నాన్న పళ్ల మధ్య దారం కొస పట్టుకుని పనిచేసేవాడు. ఆమెకూ అదే అలవాటైంది. అందువల్ల వచ్చినవాళ్లు ఏం అడిగినా ఆమె జవాబు "ఊఁ" లేకపోతే "ఊహూఁ". ఈమెకు పొగరని సగం వీధి అనుకునేది. మిగతా సగం పాపం, మూగదనుకునేది.

నోరు మెదపకపోయినా షాపు ఇరవై ఏళ్లు నడిచింది. ఎదురుగా బస్టాపు ఉండేది మరి. బస్సు కోసం నిలబడ్డవాళ్లకు తెగిన పట్టీ గుర్తొచ్చేది, ఊడిన చక్రం గుర్తొచ్చేది. ఒకరోజు ఆ రోడ్డును వన్‌వే చేసి, బస్టాపును వెనకవీధికి మార్చారు. దాంతో షాపు ముందు జనం పల్చబడ్డారు. నెల తిరిగేసరికి ఆమె చేతులు ఊరుకోలేక ఇంటిమీద పడ్డాయి. ఇంట్లో బ్యాగులయ్యాయి. అత్తగారి కళ్లజోడు డబ్బాకు జిప్పు కుట్టింది. దిండు గలేబులకు కుట్టింది. పొద్దున్నే కాఫీపొడి డబ్బాకు కూడా గుడ్డ తొడుగూ జిప్పూ వచ్చేసరికి అత్తగారు భయపడింది.

"అమ్మాయ్, ఇంక మిగిలింది నేనూ మీ ఆయనా! మా జోలికి రావుగా?"

ఆ ఆదివారమే తమ్ముడు వచ్చాడు. అతను మంచినీటి ఫిల్టర్లు అమ్ముతాడు. కుర్చీలో కూర్చునేలోపు నాలుగు మాటలు, కూర్చున్నాక నలభై మాటలు మాట్లాడే రకం. అక్క గోడు విని, మోకాలి మీద చరుచుకున్నాడు.

"నీకు పనితనం లేక కాదక్కా. నీకు నెట్‌వర్కింగ్ లేదు."

"కొత్త మిషనా అది?"

"మిషను కాదు, మనుషులు! నలుగురితో పరిచయం. మా చిన్న వ్యాపారుల వేదిక ఉంది, ప్రతి గురువారం పొద్దున్నే హోటల్లో కలుస్తాం. ఒక్కొక్కళ్లకీ ఒక నిమిషం ఇస్తారు. ఆ నిమిషంలో నువ్వేంటో చెప్పుకోవాలి. నిమిషం దాటితే గంట కొడతారు."

"నిమిషమా!" అంది జిప్పులక్క. ఆమె ఏకబిగిన నిమిషం మాట్లాడింది జీవితంలో ఒక్కసారే, అదీ ప్రసవమప్పుడు.

తమ్ముడు అక్కడితో ఆగలేదు. కార్డులు అచ్చు వేయించే పూచీ తీసుకుని, వాటి మీద రాయాల్సిన మాట కూడా తనే కట్టాడు. నాలుగో రోజున అయిదు వందల కార్డులు వచ్చాయి. పైన పెద్ద ఎర్ర అక్షరాల్లో ఇలా ఉంది: "ప్రాణం పోయిందని పారేయకండి! మా దగ్గరికి తీసుకురండి. మళ్లీ లేచి తిరిగేలా చేస్తాం." బ్యాగులు, సూట్‌కేసులు అన్న మాట కింద ఎక్కడో, కళ్లద్దాల షాపుకు గిరాకీ పెంచడానికన్నట్టు, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.

"ఇది బ్యాగుల గురించేనని తెలుస్తుందంటావా?" అంది.

"అదే కదక్కా మజా! చదివినవాడు ఆగి ఆలోచించాలి."

ఇంట్లో సాధన మొదలైంది. అత్తగారు గోడగడియారం కింద కుర్చీ వేసుకుని న్యాయనిర్ణేతగా కూర్చుంది. భర్త రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. రోజంతా జనాన్ని "ఏం కాదండీ, చిన్న చీమ కుట్టినట్టుంటుందంతే" అంటూ ఓదార్చడం అలవాటైన మనిషి. ఆ మాటే భార్యకూ చెప్పి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

జిప్పులక్క గొంతు సవరించుకుంది. "నమస్కారం. నేను. బ్యాగులు. అంటే, చెడిపోయినవి."

అంతే. అత్తగారు గడియారం వైపు చూసింది.

"మాట్లాడుతున్నావా, కుడుతున్నావా? ఒక్కో మాటా సూదిబెజ్జంలోంచి లాగినట్టు వస్తోంది!" అంది అత్తగారు. "నీ నోట్లో దారం లేకపోయినా ఉన్నట్టే ఉందే!"

మూడు రోజుల సాధన తర్వాత నిమిషంలో పన్నెండు సెకన్లు నిండాయి. మిగతా నలభై ఎనిమిదీ చిరునవ్వుతో నింపమని తమ్ముడు సలహా ఇచ్చాడు. దాంతోపాటు మూడు సూత్రాలు కూడా చెప్పాడు. మనిషి కళ్లల్లోకి చూడాలి. చెయ్యి కలపాలి. కార్డు చేతిలో పెట్టందే వదలకూడదు.

"హోటల్ తెలుసుగా? మెట్లెక్కగానే కుడిచేతి పక్క హాలు. నాకొక ఫిల్టరు బిగించే పని ఉంది, చూసుకుని వచ్చేస్తా. నువ్వు ముందెళ్లి పరిచయాలు మొదలుపెట్టు."

గురువారం పొద్దున ఏడున్నరకల్లా జిప్పులక్క హోటల్ దగ్గరుంది. గుమ్మం ముందు అయిదు మెట్లున్నాయి. ఎక్కింది. కుడిచేతి పక్క హాలు ఉంది. తమ్ముడు చెప్పిన మెట్లు ఇవి కావనీ, లోపల పై అంతస్తుకు పోయే మెట్లు వేరే ఉన్నాయనీ ఆమెకేం తెలుసు? తలుపు తోసింది.

లోపల నలభై మందికి పైగా ఉన్నారు. ముందుగా ఆమెకు ఆశ్చర్యం కలిగించింది వాళ్ల ఎత్తు. ఒక్కొక్కరూ ఆరడుగులకు తక్కువ లేరు. వ్యాపారం బాగా సాగితే మనిషి ఇలా పెరుగుతాడేమో అనుకుంది. అందరూ నిశ్శబ్దంగా, తలలు వంచుకుని కూర్చున్నారు. ఎంత క్రమశిక్షణ! ముందువైపు బల్ల మీద ఒక పెద్దాయన ఫొటో, దాని ముందు పువ్వులు. వేదిక స్థాపించినాయన కాబోలు అనుకుని ఫొటోకు కూడా ఒక నమస్కారం పెట్టింది. తర్వాత సంచిలోంచి కార్డుల కట్ట తీసి, చివరి వరస నుంచి మొదలుపెట్టింది.

ఒక్కరు కూడా కాదనలేదు. రెండు చేతులా తీసుకున్నారు. చదివినవాళ్లు చదివినట్టే ఆగిపోయారు. తమ్ముడి తెలివికి ఆమె లోలోపల చప్పట్లు కొట్టింది. నాలుగో వరసలో ఒకతను కళ్లెర్రగా ఉన్నాడు. సూత్రం ప్రకారం అతని కళ్లల్లోకి చూసింది. చెయ్యి పట్టుకుంది. "ఏం బెంగపడకండి. మా దగ్గరికి తీసుకురండి. మేం చూసుకుంటాం" అంది, అంత పొడుగు మాట తన నోట ఎలా వచ్చిందా అని తనే మురిసిపోతూ. అంత మనిషీ ఆమె చెయ్యి వదలకుండా భోరుమన్నాడు. అయ్యో, వ్యాపారం ఇంతగా దెబ్బతిన్నదా అని ఆమెకు జాలేసింది. అతనికి ఇంకో కార్డు ఇచ్చింది.

ముందు వరసలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ చేతిలోనూ కార్డు పెట్టింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివింది. తలెత్తి జిప్పులక్క ముఖంలోకి చూసింది. మళ్లీ కార్డు చూసింది. సరిగ్గా అప్పుడే మైకు గరగరమంది.

"మన వాలీబాల్ కోచ్ గారు మనల్ని వదిలిపెట్టి ఈరోజుకి పదకొండు రోజులు..."

జిప్పులక్క వెనక్కి తిరిగి చూసింది. నలభై ముగ్గురి చేతుల్లో ఎర్ర అక్షరాలు. ప్రాణం పోయిందని పారేయకండి. మా దగ్గరికి తీసుకురండి. మళ్లీ లేచి తిరిగేలా చేస్తాం. నేల చీలితే బాగుండుననుకుంది, కానీ అది పాలరాతి నేల, చీలే రకం కాదు. బయటికి పోదామంటే తలుపు అటు చివర ఉంది. ఎవరో ఆమెకు కుర్చీ జరిపారు. కూర్చుంది. తర్వాత అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించారు. ఆమె కూడా లేచి నిలబడింది. ఆ రోజు ఆమె పూర్తిగా, తడబడకుండా, ఒక్క తప్పు లేకుండా నిలబెట్టుకున్న నిమిషం అదొక్కటే.

పై హాలుకు చేరేసరికి సగం సభ అయిపోయింది. తమ్ముడు చేతులూపుతున్నాడు. గంట పట్టుకున్న కార్యదర్శి రంగుల షాపాయన. ఆమె వంతు వచ్చింది. లేచి, "నమస్కారం. ప్రాణం..." అంది. ఆ మాట దగ్గరే ఆగింది. కింద కార్డు చదివిన ఆవిడ ముఖమే కళ్లముందుంది. మళ్లీ "ప్రాణం..." అంది. గంట మోగేదాకా అలాగే నిలబడింది. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు. ఈమెకు ఒంట్లో బాగున్నట్టు లేదని పక్కన ఎవరో అనడం వినిపించింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే అత్తగారు నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. జిప్పు డబ్బాలోనే పెట్టింది పాపం. భర్త మాత్రం పేషెంటును అడిగినట్టు నెమ్మదిగా అడిగాడు.

"కింద ఎన్ని కార్డులిచ్చావు?"

"నలభై నాలుగు. ఒకాయనకి రెండు."

"మరి పైన?"

"ఒకటి."

"ఎవరికి?"

"తమ్ముడికే. వాడి దగ్గరున్నవి అయిపోయాయట."

మానేస్తానని ఆమె అంది. తమ్ముడు ఒప్పుకోలేదు. రెండో వారం అందరి పేర్లూ అరచేతిలో రాసుకెళ్లింది. చెమటకు అవి ఒకదాంట్లోకి ఒకటి పాకి, రంగుల షాపాయనను పూలకొట్టు ఆయన పేరుతో, పూలకొట్టు ఆయనను ఆయన భార్య పేరుతో పిలిచింది. మూడో వారం ఎవరైనా మాట్లాడుతుంటే తన నిమిషం లోలోపల వల్లె వేసుకుంటూ, వాళ్లు ఏం చెప్పినా "ఊఁ" అంది. ఆ "ఊఁ"ల ఫలితం ఇంటికొచ్చాక తెలిసింది. ఒక బీమా పాలసీకి ఒప్పుకుంది. గోడలకు రెండు డబ్బాల రంగు చెప్పింది. నడుంనొప్పి లేకపోయినా నడుంనొప్పి వైద్యానికి పేరు రాయించుకుంది. ఆమె షాపుకు మాత్రం ఒక్క బ్యాగూ రాలేదు.

"ఆ వేదికకి నిన్ను మించిన సభ్యురాలు దొరకదు" అన్నాడు భర్త. "అందరికీ నువ్వే గిరాకీ."

నాలుగో వారం మంగళవారం మధ్యాహ్నం. జిప్పులక్క ఒక స్కూలు బ్యాగు పట్టీ కుడుతోంది. గుమ్మంలో నీడ పడింది. అలవాటు ప్రకారం ముందు బ్యాగు చూసింది. నీలం రంగు ఆటల బ్యాగు, పొడుగుది, మూలలు అరిగిపోయి ఉన్నాయి. తర్వాత చూపు పైకి వెళ్లింది. జన్మలో మొదటిసారి ఆమె ఒక ముఖం గుర్తుపట్టింది. అదీ గుర్తుపట్టకుండా ఉంటే ఎంత బాగుండుననిపించే ముఖం. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ. కోచ్ గారి భార్య.

వెనక్కి పాకిపోదామనిపించింది. నిజంగానే లేచి ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. మెట్ల కప్పు ఠప్పున తలకు తగిలింది.

"ఈ కార్డు మీదేనా?" అంది ఆవిడ.

జిప్పులక్క నోట్లోంచి దారం తీసేసింది. "నాదేనండీ. తప్పయిపోయిందండీ. ఆ రోజు నేను హాలు పొరపాటుపడ్డాను. నేను పైకి వెళ్లాల్సిందాన్నండీ, మీ దగ్గరికి వచ్చేశాను."

అనేశాక ఆ మాట తన చెవిన పడింది. నాలుక కరుచుకుంది.

పెద్దావిడ పెదవుల చివర ఏదో కదిలింది. "పైకి వెళ్లాల్సిన మీరు కిందికొచ్చారు. కింద ఉండాల్సిన మా ఆయన పైకెళ్లాడు" అంది. అని, ఆగి, నవ్వేసింది. నవ్వుతూనే అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. జిప్పులక్క తల రుద్దుకుంది.

ఆవిడ బ్యాగు ఒళ్లో పెట్టుకుని చెప్పింది. కోచ్ గారు ఆ సాయంత్రం గ్రౌండు నుంచి వచ్చి, ఎప్పట్లాగే బ్యాగు మంచం కిందికి తోశాడు. తెల్లవారి గుండెనొప్పి అన్నాడు. ఆస్పత్రికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. తర్వాత బ్యాగు తెరవబోతే జిప్పు పట్టేసింది. కొడుకు కత్తెర తెచ్చాడు. కోడలు బ్లేడు తెచ్చింది. ఆవిడే వద్దంది.

"ఆయన చేత్తో వేసిన జిప్పమ్మా అది. ఎవరైనా తీస్తే తియ్యాలి గానీ, కొయ్యడానికి నాకు మనసొప్పలేదు. మీ కార్డులో పారేయకండి అని ఉంది కదా. కొయ్యకుండా తీస్తారా?"

జిప్పులక్క బ్యాగు అందుకుని లైటు కిందికి తిప్పింది. రన్నరు లోపలి గుడ్డను మింగేసింది. దానిమీద ఎవరో బలంగా గుంజారు కూడా. ఇంకోసారి గుంజితే జిప్పు పళ్లు విరుగుతాయి. విరిగితే కొయ్యక తప్పదు. ఏ వైపుకు గుంజారో తెలిస్తేనే ఏ వైపు నుంచి వదులు చేయాలో తెలుస్తుంది.

"ఆయన ఏ చేత్తో వేసేవారండీ?" అని అడిగింది.

అదేం పెద్ద ప్రశ్న కాదు. ఆవిడ కళ్లు మాత్రం వెలిగాయి. "ఎడమ చెయ్యి! అన్నీ ఎడమ చేత్తోనే. అన్నం కూడా. మా అత్తగారు చిన్నప్పుడు ఎంత కొట్టినా మారలేదట. ఆ ఎడమచేతి సర్వీసుకే కదా ఆయన్ని జట్టులోకి తీసుకుంది..."

ఆవిడ మొదలుపెట్టింది. జిప్పులక్క దారం మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుని, సన్న సూదితో రన్నరు మింగిన గుడ్డను ఒక్కో పోగూ వెనక్కి లాగడం మొదలుపెట్టింది. కొవ్వొత్తి ముక్కతో జిప్పు పళ్లకు మైనం రాసింది. మళ్లీ ఒక పోగు లాగింది. ఆవిడ చెబుతూనే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఎంతమంది పిల్లలకు ఆట నేర్పాడో, ఇంట్లో ఒక్క బల్బు మార్చడం చేతకాని మనిషి నెట్టు కట్టడంలో అంగుళం తేడా వస్తే ఎలా ఎగిరేవాడో, పెళ్లైన కొత్తలో తనకు సర్వీసు చెయ్యడం నేర్పబోతే బంతి పక్కింటావిడ నెత్తిన ఎలా పడిందో. ఈమె "ఊఁ" అంటోంది. నోట్లో దారం ఉంది కాబట్టి అంతకంటే అనలేదు. లేకపోయినా అనగలిగేది కాదు. గంట దాటింది. జిప్పులక్క ఒక్కసారి కూడా తన నిమిషం గురించి ఆలోచించలేదు.

ఆఖరి పోగు వచ్చింది. రన్నరు మెల్లగా, ఏ గొడవా లేకుండా, సర్రున జరిగింది.

లోపల్నుంచి చెమట వాసన, గ్రౌండు దుమ్ము వాసన వచ్చాయి. ఆవిడ ఒక్కొక్కటే తీసింది. తువాలు. విజిల్. ఒకే ఒక్క మోకాలి తొడుగు. పన్నెండు పేర్ల జాబితా, అందులో రెండు పేర్లకు కొట్టివేతలు. అన్నిటికీ అడుగున సగం తిన్న క్రీము బిస్కెట్ల ప్యాకెట్టు.

పెద్దావిడ ఆ ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "షుగరని నేను ఇంట్లో బిస్కెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తే, దొంగమొహం, ఇక్కడ దాచుకున్నాడన్నమాట!" అంది. నవ్వబోయింది. నవ్వు సగంలో విరిగిపోయింది. జిప్పులక్క దారం తీసేసి, ఎదురు టీకొట్టు నుంచి రెండు టీలు తెప్పించింది. ఇద్దరూ తాగారు.

"కొత్త రన్నరు వేయనాండీ?" అంది జిప్పులక్క గ్లాసు కింద పెట్టి.

"వద్దు. ఇదే ఉండనీ."

రెండు రోజుల తర్వాత నుంచి ఆ షాపుకు పొడుగు మనుషులు రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాడూ లోపలికి అడుగుపెట్టడం, కప్పుకు తల కొట్టుకోవడం, "అబ్బా" అనడం. చివరికి ఆమె పాత సూట్‌కేసు స్పాంజి తీసి కప్పు అంచుకు అతికించాల్సి వచ్చింది. అందరూ కోచ్ గారి శిష్యులు. కొందరు స్కూళ్లలో ఆటల మాస్టర్లు, ఒకరు కాలేజీలో, ఇద్దరు పిల్లల జట్లు నడుపుతున్నవాళ్లు. బంతుల సంచులు, నెట్టు సంచులు, పట్టీలు తెగిన కిట్ బ్యాగులు మోసుకొచ్చారు. నాలుగో వరసలో భోరుమన్నతను ఒక స్కూల్లో మాస్టరు. అతను ఆటోలో పదకొండు బ్యాగులు వేసుకొచ్చాడు. జేబులోంచి పర్సు తీసి, అందులోంచి ఎర్ర అక్షరాల కార్డు తీశాడు. ఒకటి కాదు, రెండూ ఉన్నాయి.

"ఇంకా పారేయలేదా అవి?" అంది సిగ్గుపడుతూ.

"ఎలా పారేస్తామక్కా? ఆ రోజు దీన్ని సార్ గురించే ఎవరో రాయించారనుకున్నాం. ప్రాణం పోయిందని పారేయకండి అంటే, ఆయన నేర్పింది వదిలెయ్యొద్దని చెబుతున్నారనుకున్నాం. కింద సన్నక్షరాలు మొన్న అమ్మగారు చదివి వినిపించేదాకా ఎవరమూ చూడలేదు."

ఆ కార్డు గొప్పదనం ఏమిటో అది రాసిన తమ్ముడికి కూడా తెలియదని జిప్పులక్కకు అప్పుడు అర్థమైంది. చెప్పదలచుకోలేదు. చెబితే అతను ఇంకో వెయ్యి అచ్చు వేయిస్తాడు.

తర్వాతి గురువారం వేదికకు వెళ్లినప్పుడు బీమా ఏజెంటు పక్కన కూర్చుంది. వారాలుగా కూర్చుంటున్న చోటే. కానీ ఆ రోజు వల్లె వేసుకోవడానికి ఓపిక లేక, మామూలుగా కళ్లు కిందికి దించింది. అతని ఒళ్లో తోలు బ్యాగు ఉంది. జిప్పు ఉండాల్సిన చోట నాలుగు పిన్నీసులున్నాయి. ఆమె అటు చూసింది. పూలకొట్టు ఆయన సంచికి హ్యాండిలు ఒక పక్కే ఉంది. నడుంనొప్పి వైద్యుడు తన సూట్‌కేసును చక్రం లేక ఎత్తి మోసుకొచ్చి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఇంతమంది మధ్య ఇన్ని వారాలు కూర్చుని, ముఖాలు చూడ్డం నేర్చుకునే గొడవలో పడి, తనకు వచ్చిన ఒక్క విద్యనూ ఇంట్లో వదిలేసి వచ్చిందన్నమాట! తన నెత్తిన తనే మొట్టుకోవాలనిపించింది.

"ఇలా ఇవ్వండి" అని ఏజెంటు బ్యాగు తీసుకుంది. సంచిలో పట్టకారు ఎప్పుడూ ఉంటుంది. పిన్నీసులు పీకేసి, రన్నరును రెండు పక్కలా నొక్కి, ఒకసారి జరిపి చూసి ఇచ్చేసింది. అతను జిప్పు తెరిచాడు, మూశాడు, తెరిచాడు, మూశాడు. ఆ చప్పుడుకు నాలుగు తలలు తిరిగాయి. కాసేపటికి ఆమె ముందు బ్యాగులు వరస కట్టాయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, "ఇది ఎక్కడెక్కడ తిరుగుతుందండీ? లోపల బరువేం పెడతారు?" అని అడిగింది. అలా అడగకపోతే ఏ దారం వాడాలో తెలియదు కాబట్టి అడిగింది, అంతే. వాళ్లు మాత్రం బ్యాగులో పెట్టే సరుకు మొదలుకుని పిల్లల చదువులదాకా చెప్పుకొచ్చారు. రంగుల షాపాయన ముందు గంట కొట్టాడు. ఎవరూ వినకపోయేసరికి కుర్చీ దిగి, తనూ ఒక బ్యాగు పట్టుకుని వరసలో నిలబడ్డాడు.

ఆ రోజు ఆమె నిమిషం రానే వచ్చింది. లేచి, "నమస్కారం" అంది. ఇంకేమీ తోచలేదు. కూర్చుంది. పదకొండు నెలలైంది, ఇప్పటికీ ఆమె నిమిషం పదిహేను సెకన్లు దాటలేదు. పేర్లూ గుర్తుండవు. ఒకరోజు రంగుల షాపాయనను "తెగిన పట్టీ గారూ" అని అందరిముందూ పిలిచింది. ఆయన పలికాడు.

షాపులో ఇప్పుడు రెండో మిషను ఉంది. దాని మీద పనిచేయడానికి వెనకవీధిలో బట్టలు కుట్టే ఆవిడ రోజూ మధ్యాహ్నం వస్తుంది. ఇదంతా తన సూత్రాల మహిమేనని తమ్ముడు చెప్పుకుంటాడు. "హాలు తప్పించింది కూడా నేనేగా, మెట్లు సరిగ్గా చెప్పకుండా!" అంటాడు. అంతవరకు నిజమే కాబట్టి ఆమె కాదనదు.

మొన్న అతనే వచ్చి, కూర్చోకుండా గుమ్మంలో నసిగాడు. అక్కడే ఆమెకు అనుమానం వచ్చింది, తమ్ముడు నసగడం ఎప్పుడూ చూడలేదు.

"అక్కా, ఆ స్కూళ్ల వాళ్లంతా నీకు తెలుసు కదా. ఒకసారి నన్ను పరిచయం చెయ్యవా? ఫిల్టర్లు..."

"రా" అంది. పదకొండు బ్యాగుల మాస్టరు పనిచేసే స్కూలుకే, కుట్టిన నెట్టు సంచులు ఇచ్చే పని మీద, వెంటబెట్టుకుని వెళ్లింది. ఆఫీసులో గుమస్తా ఆవిడ కూర్చుని ఉంది. తమ్ముడు లోపలికి అడుగుపెడుతూనే కళ్లల్లోకి చూశాడు, చెయ్యి చాచాడు, ఊపిరి పీల్చుకున్నాడు. జిప్పులక్క అతని మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది.

"ముందు వాళ్లకి నీళ్లెక్కణ్ణుంచి వస్తున్నాయో అడగరా" అని గొణిగింది.

తమ్ముడు కళ్లలో నీళ్లు తిరుగుతుండగా అడిగాడు. గుమస్తా ఆవిడ అప్పటిదాకా ఎవరూ అడగని మాట అడిగినట్టు పెన్ను పక్కన పెట్టేసింది. పై ట్యాంకు గురించి, దానికి మూత లేని సంగతి, మూత కోసం రాసిన అర్జీలు, రెండో తరగతి పక్క ఆరు నెలలుగా కారుతున్న కుళాయి, అన్నీ చెప్పింది. చెప్పి, "చూద్దురుగాని రండి" అని లేచింది. తమ్ముడు వెనక్కి తిరిగి అక్క వైపు దీనంగా చూశాడు. ఆమె నెట్టు సంచులు లెక్కపెడుతున్నట్టు తల దించుకుంది.

అరగంట తర్వాత తమ్ముడు చొక్కా ముందుభాగమంతా తడుపుకుని వచ్చాడు. కుళాయి వాషరు మార్చాడట. ఫిల్టరు ఊసెత్తే సందు దొరకలేదట. బుధవారం వచ్చి ట్యాంకు మూత కొలతలు తీసుకుంటానని కూడా మాటిచ్చి వచ్చాడు.

"ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదక్కా ఆవిడ!" అన్నాడు రోడ్డు మీద నడుస్తూ, చొక్కా పిండుకుంటూ.

జిప్పులక్క ఎదురుగా వస్తున్న ఒకాయన భుజానికి వేలాడుతున్న బ్యాగు వైపు చూస్తోంది. ఆయన దగ్గరికొచ్చి, "బాగున్నారా?" అని పలకరించాడు.

"బాగున్నానండీ" అంది, ఆయనెవరో బొత్తిగా తెలియకుండానే. "మీరెలా ఉన్నారు?"